డ్రెడ్జింగ్ వార్తల్లో ఒక్క అంకె చాలదు

సంపాదకులకు,

డ్రెడ్జింగ్ గురించి, అంటే నీటి అడుగున చేరిన పూడికను తోడే పని గురించి, పత్రికల్లో వచ్చే వార్తల్లో దాదాపు ఎప్పుడూ ఒకే అంకె కనిపిస్తుంది. ఇన్ని లక్షల ఘనపు మీటర్ల పూడిక తీశారు, ఇంకా ఇంత మిగిలింది అని. పక్కనే ఆ పని చేసే ఓడ, అంటే డ్రెడ్జర్ ఫొటో, తోడిన మట్టిని నింపుకునే దాని తొట్టి (హోపర్) సామర్థ్యం. ఈ పని తెలిసినవాళ్లకు ఆ అంకె చూడగానే వచ్చే సందేహం, ఏ ఘనపు మీటరు అని. అడుగున పడి ఉన్నప్పటి పూడికనా, ఓడలోకి నీళ్లతో కలిసి వచ్చిన తర్వాతదా? రెండింటికీ మధ్య తేడా ఒక్కోసారి అయిదు రెట్లు ఉంటుంది. తీసిన మట్టి ఎక్కడికి పోయింది, ఎంత తొందరలో తీశారు, ఎవరికి ఎంత డబ్బు ముట్టింది అన్న మూడు ప్రశ్నలూ ఆ తేడాను పట్టుకునే వెళ్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ట్రెయిలింగ్ సక్షన్ హోపర్ డ్రెడ్జర్ నడుస్తూనే అడుగున డ్రాగ్‌హెడ్‌ను, అంటే నేలను గోకే పైపు మూతిని, ఈడ్చుకుంటూ, మట్టినీ నీటినీ కలిపి పంపుతో లాగి, మధ్యలో ఉన్న హోపర్‌ను నింపుకుంటుంది. 10,000 ఘనపు మీటర్ల హోపర్ నిండిందనుకోండి. లోపలి మిశ్రమం సగటు సాంద్రత ఘనపు మీటరుకు 1.2 టన్నులు. సముద్రపు నీటి సాంద్రత 1.025. అంటే ఒక్కో ఘనపు మీటరులో నీటి బరువు పోగా అదనంగా ఉన్నది 0.175 టన్ను. ఆ పూడిక అడుగున ఉన్నప్పటి సాంద్రత 1.3 అయితే అక్కడి అదనపు బరువు 0.275. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.636. అంటే ఆ ట్రిప్పులో అడుగు నుంచి నిజంగా లేచినది 6,360 ఘనపు మీటర్లు. అడుగున ఉన్నది గట్టిపడిన 1.5 సాంద్రత మట్టి అయితే 3,680. 1.9 సాంద్రత ఉన్న ఇసుక అయితే 2,000. ఓడ అదే, హోపర్ అదే. ప్రకటనలోకి ఎక్కే అంకె మాత్రం 10,000.

అందుకే ఇప్పటి డ్రెడ్జర్లలో ఘనపు మీటర్లు కాకుండా పొడి మట్టి టన్నులు, అంటే నీరు పోగా మిగిలే మట్టి బరువు, లెక్కగడతారు. హోపర్‌కు ముందూ వెనకా మట్టం చూసే సెన్సర్లు ఘనపరిమాణం చెబుతాయి. ఓడ అడుగున ఉన్న ప్రెషర్ సెన్సర్లు ఓడ ఎంత లోతు మునిగిందో చెబుతాయి. అందులోంచి ఖాళీ ఓడ బరువు, ఇంధనం, మంచినీళ్లు తీసేస్తే హోపర్‌లో ఉన్న సరుకు బరువు వస్తుంది. ఇక్కడ తప్పు దొర్లేది సెన్సర్ సున్నా దగ్గర. ఈ పరిమాణపు ఓడ ఒక్క సెంటీమీటరు ఎక్కువ మునిగితే 25 నుంచి 30 టన్నుల తేడా. సెన్సర్ 5 సెంటీమీటర్లు పక్కకు జరిగితే సుమారు 140 టన్నులు. హోపర్‌లోని మొత్తం 12,000 టన్నులతో పోలిస్తే అది లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ మట్టి లెక్క వచ్చేది నీటి బరువు తీసేయగా మిగిలిన 1,750 టన్నుల నుంచి. అక్కడ 140 అంటే 8 శాతం. దీన్ని పట్టుకోవడానికి పరీక్ష చాలా తేలిక: హోపర్‌లో ఉత్త సముద్రపు నీళ్లు నింపి చూడాలి, పొడి మట్టి సున్నా అని చూపించాలి. చూపించకపోతే ఆ వారం లెక్కలన్నీ మళ్లీ చూడాల్సిందే. ఈ పరీక్ష చేసిన తేదీ, వచ్చిన అంకె రికార్డులో లేకపోతే మిగతా రికార్డు ఎంత అందంగా ఉన్నా నమ్మడం కష్టం.

డబ్బు చెల్లించే పద్ధతిని బట్టి పని తీరు మారుతుంది. హోపర్ ఘనపరిమాణం మీద చెల్లిస్తే నీళ్లు మోసినా లాభమే. పల్చటి మిశ్రమంతో తొందరగా నింపి, తొందరగా వెళ్లి వదిలేసి వస్తారు. పొడి మట్టి టన్నుల మీద చెల్లిస్తే బరువు పెంచడానికి హోపర్ నిండిన తర్వాత కూడా పంపు ఆపరు. పైనుంచి నీరు పొర్లిపోతుంది, దాంతోపాటు సన్నటి ఒండ్రూ పోతుంది. ముందూ వెనకా చేసిన లోతు సర్వేల తేడా మీద చెల్లిస్తే ఇంకో కన్నం ఉంది. అడుగును కెలికి బురదను ప్రవాహంలో కలిపేసినా అక్కడ లోతు పెరుగుతుంది, బిల్లు వస్తుంది. ఆ బురద పారవేసే చోటికి వెళ్లిందో, పక్కనున్న రొయ్యల పిల్లల మేత నేలల మీద పరుచుకుందో సర్వే చెప్పదు. మా అభిప్రాయం ఏమిటంటే ఏ ఒక్క కొలతా చాలదు. సర్వే లెక్కా హోపర్ లెక్కా విడివిడిగా చేయించి పక్కపక్కన పెట్టాలి. రెండింటి మధ్య తేడాలోంచి సహజంగా వచ్చి చేరిన పూడికనూ కొలత లోపాన్నీ పక్కన పెడితే మిగిలేదే నీటిలోకి జారిపోయిన మట్టి.

కొలత లోపం చిన్నదేమీ కాదు. ధ్వనిని పంపి లోతు కొలిచే మల్టీబీమ్ ఎకో సౌండర్‌తో జాగ్రత్తగా చేసిన సర్వేలో కూడా 10 సెంటీమీటర్ల నిలువు తేడా మామూలే. చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో 10 సెంటీమీటర్లంటే లక్ష ఘనపు మీటర్లు. ఆటుపోట్ల సవరణ, నీటిలో ధ్వని వేగం రోజూ కొలవడం, ఓడ ఊగిసలాటను సరిచేసే సెన్సర్ అమరిక, ఈ మూడింటిలో ఏది తప్పినా అంత మట్టి కాగితం మీద పుడుతుంది, లేదా మాయమవుతుంది.

మెత్తటి బురద ఉన్న రేవుల్లో ఇంకో చిక్కు. 200 కిలోహెర్ట్జ్ ధ్వని బురద పైపొర మీదే తగిలి వెనక్కి వస్తుంది. 33 కిలోహెర్ట్జ్ ధ్వని ఆ పొరలోంచి కిందికి దిగుతుంది. రెండు రీడింగుల మధ్య మీటరుకు పైగా తేడా రావచ్చు. మధ్యలో ఉన్నది నీరూ కాదు నేలా కాదు, జారే బురద. ఓడ అడుగు దానిలోంచి సురక్షితంగా వెళ్లగలిగితే దాన్ని తీయాల్సిన పనేముంది? రోటర్‌డామ్‌లో చాలాకాలంగా ఘనపు మీటరుకు 1.2 టన్నుల సాంద్రత ఉన్న మట్టాన్నే నౌకాయానానికి అడుగుగా లెక్కిస్తున్నారు. జర్మనీలోని ఎమ్‌డెన్ రేవు ఇంకో అడుగు ముందుకు వేసి బురదను పైకి తీసి, గాలి తగిలించి, తిరిగి అక్కడే వదులుతుంది. సూక్ష్మజీవుల వల్ల అది గట్టిపడకుండా జారుడుగానే ఉండిపోతుంది. అక్కడ సాంద్రతకు బదులు బురద కదలడానికి ఎంత బలం కావాలో చూస్తారు. డ్రెడ్జింగ్‌లో వచ్చిన మార్పుల్లో మాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే, ఎందుకంటే తీయనవసరం లేని మట్టిని తీయకపోవడం కంటే తక్కువ హాని చేసే యంత్రం ఏదీ లేదు. ఫొటోకు పనికొచ్చేదేమీ లేదు కాబట్టి వార్త కాదంతే.

ఇక ఓవర్‌ఫ్లో సంగతి. హోపర్ నిండాక పైనీరు ఒక నిలువు గొట్టంలోంచి ఓడ అడుగుకు దిగి బయటికి పోతుంది. ఇసుక రేణువులు వెంటనే కూర్చుంటాయి, ఒండ్రు కూర్చోదు. లెక్క చూడండి: 63 మైక్రాన్ల రేణువు నిలకడ నీటిలో సెకనుకు సుమారు 3.5 మిల్లీమీటర్లు దిగుతుంది, 10 మీటర్ల లోతు దిగడానికి 50 నిమిషాల లోపే. 20 మైక్రాన్ల రేణువు వేగం అందులో పదో వంతు. అదే లోతుకు 8 గంటలు పడుతుంది. ఉప్పునీటిలో సన్నటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని కొంత తొందరగా దిగుతాయి, నిజమే. కానీ ఆటుపోట్ల ప్రవాహం దిశ మార్చుకునేలోపు అవి అనేక కిలోమీటర్లు వెళ్లగలవు. హోపర్‌లో అంత కదలిక మధ్య ఆ రేణువు కూర్చుంటుందని ఆశించడం వృథా. అందుకే బురద నేలల్లో ఓవర్‌ఫ్లో మొదలైన కొద్ది నిమిషాలకే హోపర్ బరువు పెరగడం దాదాపు ఆగిపోతుంది. అప్పటికీ పంపు నడుపుతున్నారంటే ఇంధనం ఖర్చవుతోంది, బురద బయటికి పోతోంది, వచ్చేదేమీ లేదు. బరువు గ్రాఫ్ పడుకోగానే పంపు ఆపే నిబంధన కాంట్రాక్టులో ఒక్క వాక్యం.

ఆ పొర్లే నీరు చేసే హాని దానిలో ఎంత మట్టి ఉందన్నదాని మీదే కాక, ఎంత గాలి ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. గొట్టంలోకి నీరు జలపాతంలా పడితే గాలి బుడగలు కలుస్తాయి. ఓడ కిందికి దిగిన మిశ్రమాన్ని ఆ బుడగలు మళ్లీ పైకి లాగుతాయి, ప్రొపెల్లర్ దాన్ని చిలుకుతుంది, ఓడ వెనక మైళ్ల పొడవున బురద చార కనిపిస్తుంది. దీనికి విరుగుడు గొట్టంలో పెట్టిన పర్యావరణ వాల్వు. ఈ రంగంలో గ్రీన్ వాల్వు అంటారు. గొట్టంలోని సీతాకోకచిలుక ఆకారపు తలుపును కొద్దిగా మూసి, నీటిమట్టం గొట్టంలో పైకి నిలబడేలా చేస్తుంది. నీరు పడకుండా మెల్లగా దిగుతుంది, గాలి కలవదు, బరువైన మిశ్రమం నేరుగా అడుగుకు జారుతుంది. చాలా ఓడల్లో ఇది ఉంది. ఉన్నంత మాత్రాన సరిపోదు: ఆపరేటర్ దాన్ని పూర్తిగా తెరిచి పెట్టేస్తే లేనట్టే. వాల్వు ఎంత తెరిచి ఉందో రికార్డర్‌లో నమోదవుతోందా అని అడగాలి. ఇంకా మెరుగైన పద్ధతి పొర్లే నీటిని బయటికి వదలకుండా డ్రాగ్‌హెడ్ దగ్గర మట్టిని వదులు చేసే నీటి జెట్లకు తిరిగి పంపడం. పంపుల అరుగుదల పెరుగుతుంది, మొత్తం నీటికి సరిపోదు, కానీ కొత్త నీరు లాగడం తగ్గుతుంది.

నీటిలో మసకను కొలవడంలో జరిగే పొరపాటు మరీ మామూలైంది. టర్బిడిటీ మీటరు కొలిచేది కాంతి ఎంత చెదిరిందన్నది, లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల మట్టి ఉందన్నది కాదు. ఒకే బరువు మట్టి సన్నటిదైతే రీడింగ్ ఎక్కువ, ముతకదైతే తక్కువ. అందువల్ల ప్రతి చోటా అక్కడి నీటి నమూనాలు తీసి, వడకట్టి, ఎండబెట్టి, తూచి, ఆ మీటరుకు ఆ చోటి పట్టిక తయారు చేయాలి. వేరే రేవు పట్టిక తెచ్చి వాడితే పరిమితి దాటిందో లేదో ఎవరికీ తెలియదు. పని మొదలవకముందు సహజంగా నీళ్లు ఎంత మసకగా ఉంటాయో కనీసం ఒక అమావాస్య పోటు నుంచి పౌర్ణమి పోటు దాకా, వీలైతే గాలివానలో కూడా, కొలిచి ఉంచుకోవాలి. మూడు ప్రశాంతమైన రోజుల కొలతతో హద్దు పెడితే మొదటి గాలికే డ్రెడ్జర్ దోషిగా కనిపిస్తుంది. లేదా దానికి భయపడి హద్దు అర్థం లేనంత పైకి పెడతారు.

డెన్మార్క్, స్వీడన్‌లను కలుపుతూ 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన–సొరంగం నిర్మాణంలో మొత్తం తవ్విన మట్టిలో సగటున 5 శాతానికి మించి నీటిలో కలవకూడదని హద్దు పెట్టారు. మసకకు కాకుండా జారిపోయిన మట్టి మొత్తానికే హద్దు పెట్టడం అందులో విశేషం. చార చుట్టూ పడవ తిరుగుతూ ప్రవాహాన్నీ మట్టినీ కలిపి కొలిస్తే గంటకు ఎన్ని టన్నులు పోతోందో తేలుతుంది. ఖర్చుతో కూడిన పనే. కానీ పని చేసేవాళ్లకు బకెట్ల ఎంపిక నుంచి పని వేళల దాకా అన్నీ మార్చుకునే స్వేచ్ఛ మిగులుతుంది, ఫలితం మాత్రం వాళ్ల మెడకే ఉంటుంది.

బురద బయటికి పోకుండా పని చోటు చుట్టూ కట్టే బురద తెరల మీద జనానికీ అధికారులకూ ఉన్న నమ్మకం మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నీటిలో వేలాడే గుడ్డ తెర సెకనుకు అర మీటరు ప్రవాహం దాటితే వాలిపోతుంది, కిందినుంచి నీరు పోతుంది. అడుగు దాకా దించితే పోటు తగ్గినప్పుడు బురదలో కూరుకుని, పోటు పెరిగినప్పుడు చిరుగుతుంది లేదా అడుగును కెలుకుతుంది. అందుకే కింద అర మీటరు నుంచి మీటరు దాకా ఖాళీ వదలాలి. నిలకడ నీళ్ల బేసిన్‌లో పనికొస్తుంది. తెరచాటు లేని సముద్రంలో ఫొటోకు పనికొస్తుంది.

కలుషిత బురదకు లెక్క వేరే. 1972 నాటి లండన్ ఒప్పందం, దానికి 1996లో వచ్చిన ప్రోటోకాల్ ప్రకారం సముద్రంలో వదలడానికి పరిశీలించదగ్గ పదార్థాల జాబితాలో డ్రెడ్జింగ్ మట్టి ఉంది. ఉంది కాబట్టి వదిలేయొచ్చని కాదు. ముందు పరీక్షించాలి, వాడుకునే దారి ఉందేమో చూడాలి, వదిలే చోటును పరిశీలించాలి, అనుమతి తీసుకోవాలి, తర్వాత కూడా గమనించాలి. పరీక్షలో తరచుగా జరిగే లోపం నమూనా పైపొర నుంచే తీయడం. ఓడల అడుగుకు పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగును అంతర్జాతీయంగా 2008 సెప్టెంబరులో నిషేధించారు. దాని అవశేషాలు, పాత ఫ్యాక్టరీల లోహాలు ఇప్పుడు చాలా రేవుల్లో పైపొర కింద ఉన్నాయి. తవ్వే లోతు దాకా, ఇంకో అర మీటరు కిందికి కూడా కోర్ (గొట్టంతో తీసే నిలువు నమూనా) తీసి, పొరలవారీగా పరీక్ష చేయించాలి. ఎందుకంటే తవ్వకం ముగిశాక కొత్త అడుగు అయ్యేది ఆ కింది పొరే. ఇంకోటి: గాలి తగలని నల్ల బురదలో లోహాలు సల్ఫైడ్లుగా కట్టుబడి ఉంటాయి. పైకి తీసి ఆక్సిజన్ తగిలించగానే కొంత భాగం కరిగి నీటిలోకి వస్తుంది. మొత్తం లోహం ఎంతుందన్న పరీక్ష ఈ సంగతి చెప్పదు, నీటితో గిలక్కొట్టి ఆ నీటిని పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఇలాంటి చోట మామూలు గ్రాబ్ (దవడల్లా తెరుచుకుని మట్టిని పట్టే తొట్టి) వాడితే అది అడుగును గుంతలుగా తవ్వి, పైకి వచ్చే దారంతా కారుస్తుంది. పర్యావరణ గ్రాబ్‌లో రెండు దవడలూ సమతలంగా మూసుకుంటాయి, అంచుల్లో రబ్బరు సీళ్లు, దిగేటప్పుడు నీరు పోవడానికి పైన వాల్వులు. సీలు మధ్య ఒక కర్ర ముక్క ఇరుక్కుంటే మాత్రం అది మామూలు గ్రాబే. అమెరికాలో హడ్సన్ నది ఎగువ భాగంలో పీసీబీ అనే విష రసాయనాలున్న బురదను 2009 నుంచి 2015 వరకు ఇలాంటి గ్రాబులతోనే తీశారు, తీసిన చోట శుభ్రమైన మట్టి పరిచారు. ఎంత జాగ్రత్తగా తీసినా పల్చటి పొర మిగిలిపోతుందని ముందే ఒప్పుకుని దాన్ని కప్పడం పనిలో భాగం చేశారు, మిగలదని బుకాయించలేదు.

శుభ్రమైన ఇసుకను పారవేయడం మాత్రం వనరును పారేయడమే. 2011లో నెదర్లాండ్స్ తీరంలో 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఒక్కచోట కొక్కెం ఆకారంలో పోసి వదిలేశారు. అలలూ ప్రవాహమూ దాన్ని తీరం వెంట మెల్లగా పంచుతున్నాయి. తీరం మీద ప్రతి కొన్నేళ్లకోసారి ఇసుక పోసి, ప్రతిసారీ అడుగున ఉన్న జీవాలను కప్పేయడం కంటే ఇది నయమని లెక్క. ప్రతి తీరానికీ సరిపోయే పద్ధతి కాదు, ఇసుక ఒక్క వైపుకే ఎక్కువగా నడిచే చోట కొత్త ఇబ్బందులు తెస్తుంది.

డ్రాగ్‌హెడ్ సముద్రపు తాబేళ్లను లాగేసే సమస్య 1980లో అమెరికాలోని కెనావరల్ రేవు మార్గంలో బయటపడింది. డ్రాగ్‌హెడ్ ముందు బిగించే వి ఆకారపు నాగలిలాంటి కవచం తర్వాత వచ్చింది. అది అడుగులో కనీసం 15 సెంటీమీటర్లు దున్నుకుంటూ ముందుకు మట్టి గట్టు తోస్తుంది, ఆ గట్టు తాబేలును పక్కకు నెడుతుంది. లోతు మారినప్పుడల్లా పైపు వాలు మారుతుంది కాబట్టి కవచం కోణం కూడా మార్చాలి. మార్చకపోతే కవచం అడుగుకు తగలకుండా తేలుతుంది, అంటే ఏమీ లేనట్టే. దానికంటే ముఖ్యమైనది ఖర్చు లేని అలవాటు: డ్రాగ్‌హెడ్ అడుగుకు తగిలాకే పంపు పూర్తి వేగానికి తేవాలి, లేపేముందు ఆపాలి. మలుపుల దగ్గర ఓడ తిరుగుతున్నప్పుడు హెడ్ లేపి పంపు నడుపుతూ ఉండటమే తాబేళ్లను లాగేసేది. పంపు వేగం, హెడ్ లోతు రెండూ రికార్డు అవుతాయి కాబట్టి దీన్ని తర్వాతైనా కనిపెట్టవచ్చు.

మనుషుల భద్రత గురించి రాయాల్సింది చాలా ఉంది, రెండు మూడు సంగతులకే పరిమితం అవుతాం. మొదటిది మూసుకుపోయిన పంపు. సక్షన్ (లాగే) వైపు మట్టి ముద్ద, డిశ్చార్జి (బయటికి పంపే) వైపు పైపు పూడుకుపోయింది. లోపలి చక్రం, అంటే ఇంపెల్లర్, తిరుగుతూనే ఉంది. లోపలి నీరు ఎక్కడికీ పోదు, మోటారు శక్తి అంతా వేడిగా మారుతుంది. పంపులో ఒక టన్ను నీరు, ఇంపెల్లర్ 500 కిలోవాట్లు తీసుకుంటోందనుకుంటే ఒక డిగ్రీ పెరగడానికి 8 సెకన్లు చాలు. 30 డిగ్రీల నీరు 10 నిమిషాల్లో మరిగే స్థితికి వస్తుంది. ఒత్తిడిలో ఉంది కాబట్టి మరగదు, ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు ఎవరైనా తనిఖీ మూత విప్పినా, అరిగిన కేసింగ్ పగిలినా, ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరవుతుంది. డ్రెడ్జ్ పంపులు ఇలా పేలిన సందర్భాలున్నాయి. కావాల్సింది ప్రవాహం సున్నా అయి కొద్ది నిమిషాలు దాటితే ఇంజినును విడదీసే ఇంటర్‌లాక్, కేసింగ్ మీద ఉష్ణోగ్రత సెన్సర్. అవి లేని పాత పంపుల మీద కనీసం ఒక నియమం: పైపు పూడితే పంపు ఆపి, కేసింగ్ చల్లబడి, ఒత్తిడి దిగిందని గేజి చూశాకే బోల్టు ముట్టుకోవాలి.

పైపు పూడటం కూడా ఊరికే జరగదు. పెద్ద పైపుల్లో మధ్యరకం ఇసుకను తీసుకెళ్లాలంటే సెకనుకు 4 నుంచి 5 మీటర్ల వేగం ఉండాలి. తగ్గితే ఇసుక అడుగున కూర్చుంటుంది. ఎక్కువైతే పైపు అరుగుతుంది. అరిగేది అడుగు భాగమే కాబట్టి పైపులను ఎప్పటికప్పుడు మూడో వంతు తిప్పుతూ ఉండాలి. తిప్పిన తేదీ పైపు మీదే రంగుతో రాసే అలవాటున్న చోట పగుళ్లు తక్కువ. మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు చేతిలో ఇమిడేది, దాన్ని వాడకపోవడానికి సాకేమీ లేదు.

రెండోది వాయువులు. కుళ్లిన సేంద్రియ పదార్థం ఉన్న బురదలో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. మీథేన్ పంపులో చేరితే ప్రవాహం తెగిపోతుంది, అందుకే సక్షన్ దగ్గర వాయువును లాగేసే ఏర్పాటు ఉంటుంది. ఆ లాగిన వాయువును డెక్కుకు దూరంగా ఎత్తులో వదలాలి. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో మోసం ఏమిటంటే కొద్దిగా ఉంటే కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100) దాటాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందని పంపు గదిలోకి దిగినవాడిని కాపాడేది జేబుకు తగిలించిన మీటరు ఒక్కటే.

మూడోది అడుగున ఉన్న గొట్టాలు. 2020 ఆగస్టు 21న అమెరికాలోని టెక్సాస్‌లో, కార్పస్ క్రిస్టీ రేవులో వేమన్ ఎల్ బోయిడ్ అనే కటర్ సక్షన్ డ్రెడ్జర్ (తిరిగే కటర్‌తో నేలను కోస్తూ తోడే రకం) కటర్ ఒక ప్రొపేన్ పైప్‌లైన్‌ను కోసింది. మంటల్లో ఐదుగురు చనిపోయారు. పైప్‌లైన్ అక్కడ ఉందని తెలియక కాదు, అది తవ్వకానికి ఎంత దగ్గరగా ఉందన్నది ప్రణాళికలో సరిగ్గా గుర్తించకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. కటర్ డ్రెడ్జర్ స్పడ్ అనే నిలువు స్తంభాన్ని ఆధారం చేసుకుని, రెండు వైపులా వేసిన యాంకర్ల వైర్ల మీద అటూ ఇటూ ఊగుతూ తవ్వుతుంది. తవ్వే హద్దు బయట ఉన్న పైప్‌లైన్‌కు కూడా అందువల్ల ప్రమాదమే: యాంకర్ పడేది హద్దు బయట, స్పడ్ దిగేది ఎక్కడైనా. డ్రెడ్జర్ తెర మీద కటర్‌కే కాకుండా యాంకర్లకూ స్పడ్‌కూ విడిగా నిషిద్ధ ప్రాంతాలు గీసి అలారం పెట్టాలి. పైప్‌లైన్ స్థానాన్ని పాత మ్యాపు నుంచి తీసుకోకుండా పని మొదలవకముందు కొలిపించాలి, దాని యజమాని ప్రతినిధి సమక్షంలో. ఎంత దూరం వదలాలన్నది కాగితం మీద సంతకాలతో ఉండాలి. రోజుకు ఇన్ని ఘనపు మీటర్లన్న లక్ష్యం పక్కనే వేలాడుతుంటే నోటిమాటగా ఒప్పుకున్న దూరం సాయంత్రానికి తగ్గిపోతుంది.

పనిచేస్తున్న డ్రెడ్జర్ దగ్గరికి వెళ్లే చేపల పడవల వాళ్లకు ఒక్క మాట మీ పత్రిక ద్వారా చేరితే మంచిది. రాత్రి పూట నిలువుగా ఎరుపు, తెలుపు, ఎరుపు దీపాలున్నవి దారి తొలగలేని ఓడలు. వాటిలో నిలువుగా రెండు ఎర్ర దీపాలున్న వైపు పైపో వైరో అడ్డంగా ఉంది, రెండు పచ్చ దీపాలున్న వైపునుంచే వెళ్లాలి. పగలు ఎర్ర దీపాల చోట రెండు గుండ్రటి నల్ల బంతులు, పచ్చ దీపాల చోట రెండు వజ్రపు ఆకారాలు.

ఇంజిన్ల విషయంలో మార్పు నిజమే. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం ప్రపంచమంతటా 0.50 శాతానికి మించకూడదు. ద్రవీకృత సహజవాయువుతో నడిచే హోపర్ డ్రెడ్జర్లు 2017 నుంచి పనిలో ఉన్నాయి, 2021లో స్పార్టకస్ అనే కటర్ డ్రెడ్జర్ 44,180 కిలోవాట్లతో వచ్చింది. మసి, గంధకం తగ్గుతాయి. మండని మీథేన్ కొంత పొగగొట్టంలోంచి జారిపోతుంది, ఆ సంగతి ప్రకటనల్లో ఉండదు. ఏ ఇంధనమైనా లెక్క కట్టాల్సింది టన్ను పొడి మట్టికి ఎంత కాలిందని. అలా కడితే తరచుగా తేలేదేమిటంటే, పారవేసే చోటు 40 కిలోమీటర్ల నుంచి 20 కిలోమీటర్లకు దగ్గరైనా, లేదా హోపర్ మిశ్రమం 1.2 నుంచి 1.3కు పెరిగినా, ఇంజిన్ మార్చినదానికంటే ఎక్కువ ఆదా అవుతుంది. 1.2 నుంచి 1.3 అంటే చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ అదనపు బరువు 0.175 నుంచి 0.275కు వెళ్లింది, ఒక్క ట్రిప్పులో సగానికి పైగా ఎక్కువ మట్టి. డ్రాగ్‌హెడ్ జెట్ల ఒత్తిడి, పళ్ల అరుగుదల, ఓడ వేగం సరిచూసుకుంటే అది వస్తుంది. కొత్త ఓడ అక్కర్లేదు.

ఇట్లు,
డ్రెడ్జింగ్ ఇంజినీరింగ్‌లో ఉన్న పాఠకులు